అమ్మవారు వేసిన అక్షింతలు

ప్రొద్దుటూరులో మా మేనత్త ఏ జబ్బునూ జబ్బు అనేది కాదు, ‘చుట్టం’ అనేది.

నా పెళ్లికి మూడు రోజుల ముందు నాకు ఒళ్లంతా ఆటలమ్మ పోసింది. ఇది అపశకునమని, సంబంధం వద్దని చెప్పడానికి జమ్మలమడుగు నుంచి పెళ్లికొడుకును వెంటబెట్టుకుని అతని మేనమామ వచ్చాడు. నేను లోపలి గదిలో ఏడుస్తున్నాను.

అత్త ఆయన చేతికి మజ్జిగ గ్లాసిచ్చింది. "పిలవకుండానే అమ్మవారు పెండ్లికొచ్చింది గదప్పా! ఆయమ్మ ఈడుండంగా మీరు లేచిపోతే, అలిగి మీ యెంటే వస్తాదేమో!"

ఆయన గబుక్కున తన చేతులు తిప్పి చూసుకున్నాడు. పెళ్లికొడుకు పగలబడి నవ్వాడు.

"నాకు చిన్నప్పుడే పోసింది మామా. పదైదు దినాలు ఆగితే ఏం పోతాది?"

ఆ మాట విని, దురద కూడా మరిచిపోయి మంచం మీద గంతులేశాను.

ముఖం నిండా మచ్చలతోనే పీటల మీద కూర్చున్నాను. అత్త వచ్చినవాళ్లందరికీ వాటిని చూపిస్తూ మురిసిపోయింది.

"సూడండి, అమ్మవారు మనకంటే ముందే అక్షింతలు ఏసిపోయింది!"