మూడు నెలల పెద్దరికం

ఇవాళ పప్పులో ఎండు నిమ్మకాయ వేశాను. ఆ పులుపు వాసన వంటింట్లో నిండగానే ఒమాన్ దేశపు సోహార్‌లోని మా కంపెనీ క్యాంపు, ఖాజా భాయ్ నవ్వు గుర్తొచ్చాయి. ఆయనది కడప. రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను చేరిన ప్లాంటులో మా ఫోర్‌మన్.

డ్యూటీకి వెళ్లే బస్సులో రోజూ ఏదో ఒక ప్రశ్న వదిలేవాడు. ఒకరోజు, "దేశం బాగుపడేది దేనితోనబ్బా?" అన్నాడు.

"చమురుతో," అన్నాను.

బస్సు నడిపే ఒమానీ పెద్దాయన సాలెం వెనక్కి తిరక్కుండానే హిందీలో అన్నాడు: "నా చిన్నప్పుడూ భూమిలో చమురుంది. మా ఊరికి రోడ్డు లేదు, బడి లేదు."

"ఇనుకుంటివా?" అన్నాడు ఖాజా భాయ్. "చమురుండే దేశాలు శానా ఉండాయి. అన్నీ బాగుపడినాయా? వచ్చింది ఎట్ల పంచాల, పెద్దోణ్ణి ఎవురు అడగొచ్చు, దాంట్లో ఉండాది కథంతా."

"ఇక్కడ రాజుగారే కదండీ? బాగానే ఉందిగా!"

"మంచోడు దొరికినాడు. తర్వాతోడూ మంచోడే దొరుకుతాడని రాసిచ్చినారా?"

మా మెస్‌లో అప్పటిదాకా వంటమేస్త్రి మాటే శాసనం. ఖాజా భాయ్ క్యాంపు బాసును ఒప్పించి కమిటీ పెట్టించాడు. ప్రతి రూముకూ ఒక ఓటు, పెద్దకు మూడు నెలల గడువు, వెంటనే మళ్లీ నిలబడకూడదు. మొదటి పెద్దను నేనే. వేడి రొట్టెలు, శుక్రవారం బిర్యానీ, నేపాలీలకు వాళ్ల పప్పు అన్నీ అమర్చాను. గడువు ముగిసేసరికి అందరూ "ఈయన్నే ఉంచండి" అన్నారు. నాకూ అదే ఆశ.

ఖాజా భాయ్ ఒక్కడే లేచాడు. "నువ్వు బాగ చేస్తివబ్బీ. అందుకే దిగాల. నీకోసరం మార్చిన రూలు రేపు చెడ్డోనికీ పనికొస్తాది."

దిగాను గానీ, వారంపాటు బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.

నా తర్వాత దిల్ బహదూర్ వచ్చాడు. నోట్లో నాలుక లేని నేపాలీ. మొదటిరోజే నన్నడిగాడు: "నైట్ షిఫ్టు వాళ్లు చల్లారిన అన్నమే తింటున్నారు, తెలుసా అన్నా?" తెలియదు. నాది పగటి డ్యూటీ. అతను వేడి తగ్గని డబ్బాలు తెప్పించాడు.

సిగ్గుతో ఖాజా భాయ్ దగ్గరికెళ్లి, "నాకెవరూ చెప్పలేదండీ," అన్నాను.

"అందరూ పొగుడుతాంటే ఎవురు చెప్తారబ్బా!" అని పడీపడీ నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు రాజమండ్రిలో మా అపార్టుమెంటు వాళ్లు రెండో ఏడూ నన్నే సెక్రటరీగా ఉండమన్నారు. వద్దని లేచాను. నా బదులు కొత్తగా సెక్రటరీ అయిన టీచరమ్మ తొలి సమావేశంలోనే నేను చేసిన తప్పొకటి పట్టుకుంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.