సంచిల శంఖం

"నేన్ పోతే శంఖం ఎవలూదుతరే?"

"ముందుగాల గీ జావ తాగు. గప్పటి ముచ్చట గప్పుడు."

నేనూ మా ఆయన మాట్లాడుకున్న ఆఖరి మాటలు గివే. జావ అట్లనే మిగిలింది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, మోత్కూర్ దగ్గర మా ఊర్ల సంగతి. మేం దాసరోల్లం. గుడిల శంఖం ఊదితే దేవుడు లేచిండని ఊరికి ఎరుక. పీనుగ ముందట మేం ఊదితే మనిషి ఎల్లిపోయిండని ఎరుక. మాకో కట్టుబాటున్నది. ఊదేటోడే సస్తే, ఆయన పీనుగ మీద ఎవలు ఊదితే ఊరి పని వాల్లదే. మాకు కొడుకుల్లేరు. గా పని పోతే నాకు బువ్వ లేదు.

రాసుకో సరితా, మీ నాయిన ముచ్చటని ఆపకు.

నేనింకా ఎవలికీ కబురు చెయ్యలే, నా మరిది, గదే మీ నాయిన, భువనగిరి నుంచి దిగిండు. సంకల సంచి.

"నీకెవలు జెప్పిన్రు మరిదీ?"

"మనసుకు కొట్టింది వదినె."

మనసుకు కొడితే మనిషి ఉరికొస్తడు గాని, ఇస్త్రీ ధోతి కట్టుకొని, నామాలు దిద్దుకొని వస్తడా? ఏడ్సుకుంటనే గోడ దిక్కు సూసిన. మేకుకుండే శంఖం లేదు.

పీనుగను లేపే యాల్లకు అడిగిన. "శంఖమేది?"

"నా దగ్గరున్నది. అన్ననే ఇచ్చిండు, పోయిన దసరాకు."

"మరి మొన్న పక్కింటి తాత సస్తే మీ అన్న ఊదిందేంది, జాతర బూరనా?"

పాడె కట్టేటోల్లు గూడ నవ్విన్రు. సంచిల చెయ్యి వెట్టి తీసిన. అంచుకు పెచ్చు లేచిన శంఖం, మాదే.

"ఆడిది శంఖం ఊదుడేందమ్మా?" అన్నడో పెద్దమనిషి.

"ఆడోల్లు సస్తే మీరు ఊదిపిస్తలేరా పటేలా?"

మొదటి తాప ఉత్త గాలే వచ్చింది. మరిది మూతి తిప్పిండు. మా ఆయన పెదవులు బిగబట్టే తీరు యాది జేసుకొని మల్ల ఊదిన. ఊరంత ఇన్నది. ఆ దినం సంది ఊరి పని నాదే.

ఎన్ని సావులకు ఊదిన్నో లెక్క లేదు. నేర్సుకున్నది ఒక్కటే. ఇంట్ల సావైతే ముందుగాల శంఖం యాడుందో సూస్కోవాలె. ఏడ్సుడు యాడికీ పోదు.

మీ నాయిన దొంగిలిచ్చిండని నేన్ అంటలేను. సంచిల ఉన్నదంటున్న, అంతే. ఏదీ బిడ్డా, మొదటి నుంచి సదువు. గా సంచి మాట రాసినవా, ఇడిసిపెట్టినవా?