విడిపించే మాట వెతికిన సీతాపతి మాస్టారు

గత గురువారం ఉదయం హుస్సేనీ ఆలంలో కాలం స్తంభించింది. అతిశయోక్తి అనుకోకండి. ఆ వీధిలోని గడియారాలన్నిటికీ ఊపిరి పోసే కరీం భాయ్ ఆరోజు దుకాణం తెరవలేదు. సగం దించిన షట్టరు కింద మెట్టు మీద కూర్చొని, నన్ను చూసి, "మాస్టర్ సాబ్ పోయిండు, రాజేశం భాయ్" అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగాను.

నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ గుమాస్తాను, హాస్య రచయితనని నలుగురూ అనగా నమ్మినవాణ్ణి. అయినా నా నోట వచ్చిన ప్రశ్న అదే. కరీం భాయ్ నా వంక జాలిగా చూశాడు. ఇల్లు మారారేమో, కూతురి ఊరికి వెళ్లారేమో అని నా బుద్ధి సందుగొందులన్నీ తిరిగి వచ్చింది కానీ ఆ ఒక్క అర్థం దగ్గర మాత్రం ఆగలేదు. సరస్వతీ ప్రసన్నులు, ఆంగ్లార్జీ చక్రవర్తి, మా గురువర్యులు సీతాపతి మాస్టారు నిద్రలోనే పరమపదించారని కరీం భాయ్ మూడుసార్లు చెప్పాక గానీ నాకు ఎక్కలేదు. పూర్తిగా ఇప్పటికీ ఎక్కలేదు.

మాస్టారిది కృష్ణ ఒడ్డు. బడిలో ఇంగ్లీషు చెప్పడానికి పాతబస్తీకి వచ్చి, రిటైరయ్యాక కరీం భాయ్ దుకాణం మెట్ల కింద ఒక బల్ల, ఒక టైపు మిషను వేసుకొని, వచ్చినవారికి ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టేవారు. ఆ మిషను బరువు ఎంతంటే, దాన్ని దింపిన రోజున మూసీ నీటిమట్టం నాలుగంగుళాలు పెరిగిందని మా నమ్మకం. అందులో ‘ఇ’ అక్షరం మహా ఉగ్రస్వభావి. కొట్టిన ప్రతిసారీ కాగితానికి చిల్లు. ఆయన అర్జీని ఎండకు ఎత్తి పట్టుకుంటే నక్షత్ర మండలం కనిపించేది. నగరంలోని అధికారులు సంతకం చూడకుండా, కాగితాన్ని కిటికీ వైపు తిప్పి ఇది ఎవరిదో చెప్పేవారు.

డిపార్ట్‌మెంటు పరీక్ష కోసం నేను సాయంత్రాలు ఆయన దగ్గర ఇంగ్లీషుకు చేరాను. ఒకనాడు అమాయకంగా, "విడిచిపెట్టడానికి ఇంగ్లీషులో ఏమంటారండీ?" అని అడిగాను. జవాబుకు మూడు నెలలు పట్టింది.

రిలీజ్ అంటే పట్టుకున్న చెయ్యి తెరుచుకోవడం. తప్పెవరిది, ఒప్పెవరిది అన్న ఊసు దానికి అక్కర్లేదు. గాలిపటం దారాన్నీ రిలీజ్ చేయవచ్చు, ఖైదీనీ చేయవచ్చు. లిబరేట్ అంటే మెడ మీద ఎవరో కూర్చొని ఉండాలి, దింపేటప్పుడు కాస్త జెండా, కాస్త నినాదం ఉండాలి. "గంప కింది కోడిని లిబరేట్ చేయరోయ్" అనేవారు. లెట్ ఆఫ్ అంటే చేసింది నువ్వే, కానీ ఈసారికి పో. అక్విట్ అంటే విచారణ అంతా నడిచి, నువ్వు చేయలేదని జడ్జిగారు తేల్చడం. రిలీవ్ అంటే నీ కుర్చీలోకి ఇంకొకడు వచ్చి, నువ్వు లేవడం. ఇక డిశ్చార్జ్ బహురూపి. ఆసుపత్రిలో అది శుభం, కోర్టులో ఊరట, ఉద్యోగంలో సర్వనాశనం.

ఇదంతా విని నేను అయోమయంలో అడుగుపెట్టాను. నేటికీ అక్కడే కాపురం. ఆయన మాత్రం తేలిగ్గా అనేవారు: "మాటల్ని బట్టీ పట్టకోయ్. మూడు ప్రశ్నలడుగు. ఎవరి చేతిలో ఉన్నాడు? ఎందుకు పట్టుకున్నారు? వదిలితే ఎక్కడికి పోతాడు? మాట దానంతటదే వచ్చి కూర్చుంటుంది." గురువారం నుంచి ఈ మూడు ప్రశ్నలనూ మాస్టారి విషయంలోనే వేసి చూస్తున్నాను. ఒక్క మాటా వచ్చి కూర్చోవడం లేదు. మూడో ప్రశ్న దగ్గర నా ఇంగ్లీషూ ఆగిపోతోంది, తెలుగూ ఆగిపోతోంది.

ఆయనకు ఇంకొక ఆచారం ఉండేది. అర్జీ టైపు అయ్యాక, వేలిముద్రకు ముందు, ఇంగ్లీషులో ఉన్నదంతా మళ్లీ తెలుగులో చదివి వినిపించేవారు. "కాగితం నీ పేరు మీద మాట్లాడుతోంది. అది ఏమంటోందో నీకు తెలియొద్దూ?" అనేవారు. పది నిమిషాల పని అరగంట అయ్యేది. వెనక వరసలో నిలబడినవారు విసుక్కునేవారు. నేనూ విసుక్కున్నాను. బాలమణి వచ్చిన రోజు వరకు.

ఛత్రినాకలో ఉండే బాలమణి భర్త యాదగిరి సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ యేడు బోనాల నాడు ఊరేగింపు ఏ గల్లీ నుంచి పోవాలన్న దాని మీద లొల్లి అయింది. సోడా సీసాలు ఎగిరాయి. నాకు తెలిసినంతవరకు ఒక డజను పగిలాయి. అప్పటికే నగరమంతా దాన్ని మహా సంగ్రామంగా చెప్పుకుంటోంది, ఆ చెప్పుకోవడంలో నా వాటా కూడా కొంత ఉంది. పోలీసులు వచ్చి గల్లీలో ఉన్నవారిని ఉన్నట్టు ఎత్తుకుపోయారు. అత్తగారి బోనం వెనక నడుస్తున్న యాదగిరి చేతిలో వేపమండ తప్ప ఇంకే ఆయుధమూ లేదు.

"నిన్న పొద్దుమీకి పట్కపోయిండ్రు సారూ" అంది బాలమణి. "రేపు మాపటి దాంక లోపల్నే ఉంటే నౌకరీల కెల్లి సస్పెండు జేస్తరంటున్నరు."

నిజమే. రేపు సాయంత్రంతో రెండు రోజులు నిండుతాయి, అన్నాళ్లు లోపలుంటే సర్కారు నౌకరుకు వేటు తప్పదు. ఆ రోజు మాస్టారి చూపుడు వేలు నలిగి కట్టు కట్టి ఉంది. నన్ను మిషను ముందు కూర్చోబెట్టారు. నాలో నిద్రాణమై ఉన్న మహాకవి దిగ్గున లేచాడు. దయాసముద్రులు, కరుణామూర్తులు అని ఇన్‌స్పెక్టరుకు అరపేజీ బిరుదులిచ్చి, ఈ అభాగిని భర్త అపరాధాన్ని పార్డన్ చేసి అతణ్ణి లిబరేట్ చేయవలసిందని ముగించాను. చదువుకుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆమె వైపు తిరిగారు.

"‘మా ఆయన తప్పు చేశాడు, క్షమించి వదిలేయండి’ అని రాసి ఉంది తల్లీ. వేలిముద్ర వేస్తావా?"

అప్పటికే సిరా అంటిన బొటనవేలు వెనక్కి పోయింది. "ఎందుకేస్త సారూ? ఆయనేం తప్పు జేసిండని మాఫీ అడగాలె?"

కరీం భాయ్ భూతద్దం కంటి నుంచి తీసి, పోలీసోళ్లతో పంతమెందుకు, మాఫీ అంటే ఈ రాత్రికే ఇడుస్తరు, నౌకరీ దక్కుతది అని సలహా చెప్పాడు. అది తెలివితక్కువ సలహా కాదు. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

"ఈ రాత్రే వదులుతారు, నిజమే" అన్నారు మాస్టారు. "కానీ రేపో మాపో ఈ కాగితం కూడా వర్క్‌షాపుకు చేరుతుంది. తప్పు చేశాడని పెళ్లామే ఒప్పుకుంది అంటారు. మాఫీ అడక్కుండా రాస్తే ఆలస్యం కావచ్చు. రెండూ చెప్పాను. నీ ఇష్టం, తల్లీ."

బాలమణి కాగితాన్ని మాస్టారి వైపు జరిపేసరికి వేలి మీది సిరా ఆరిపోయింది.

"మాఫీ మాట తీసెయ్యి సారూ. ఆయన జెయ్యలే. నేను జేసిండని ఎట్లంట?"

మాస్టారు నన్ను లేపి, కట్టు ఉన్న వేలితోనే మిషను ముందు కూర్చున్నారు. మూడే వాక్యాలు. ఇతను ఫలానా, ఇతను ఏ నేరమూ చేయలేదు, ఇతణ్ణి రిలీజ్ చేయండి. దయ లేదు, సముద్రం లేదు. అది చదివి వినిపించాక ఆమె కొత్తగా సిరా అద్దించుకొని ముద్ర వేసింది. "నువ్వు మూడు నెలలుగా నేర్చుకుంటున్నది ఆవిడకి పుట్టుకతోనే వచ్చుకదటోయ్" అన్నారు నాతో. నా జీవితంలో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకొని ఆయనే ఆమె వెంట ఠాణాకు వెళ్లారు. క్షమాపణ లేని అర్జీని ఇన్‌స్పెక్టరు మొదట పక్కన పడేశాడట. మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు. కాళ్లకు నీరు పట్టే మనిషి, మధ్యాహ్నం మూడింటి దాకా కదలలేదు. చివరికి ఆ ముసలాయన్ని చూడలేకో, ఆ చిల్లుల కాగితాన్ని చూడలేకో, పూచీ రాయించుకొని యాదగిరిని బయటికి పంపారు. గడువుకు ఇంకా కొన్ని గంటలే ఉన్నాయి.

ఆ తర్వాత కేసు కోర్టులో నిలవలేదు. నేను ఛత్రినాక అంతా తిరిగి యాదగిరి అక్విట్ అయ్యాడని చాటింపు వేశాను. మాస్టారు నన్ను పిలిపించి, విచారణే మొదలుకాలేదు గనక అది డిశ్చార్జ్ అన్నారు. డిశ్చార్జ్ అంటే ఉద్యోగంలో సర్వనాశనమని ఆయనే చెప్పారు గనక నేను హతాశుణ్ణయ్యాను. మా వాదం ముదురుతుంటే యాదగిరి ఇద్దరి మధ్యా నిలబడి, "ఏదైతేంది సార్, పొద్దున డ్యూటీకి పోవాల్నా వద్దా?" అని అడిగాడు. వెళ్లమన్నారు మాస్టారు. వెళ్లాడు. ఇన్నేళ్లుగా వెళుతూనే ఉన్నాడు.

ఇకమీదట హుస్సేనీ ఆలంలో అర్జీలు ఆగవు. పక్క సందులో కొత్త మిషన్లు వచ్చాయి, కాగితానికి చిల్లు పడదు, పని క్షణాల్లో అవుతుంది. కానీ మన పేరు మీద కాగితం ఏమంటోందో మనకు వినిపించి, "ఇది నీ మాటేనా?" అని అడిగేవారు ఇక లేరు. ఆ లోటును పెంచి చెప్పడం, అంత అలవాటున్న నాకూ చేతకావడం లేదు.

గురువారం మధ్యాహ్నం మూసీ ఒడ్డున చితి అంటించే వేళకు యాదగిరి ఖాకీ బట్టలతోనే వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. ఆలస్యమెందుకైందని అడిగాను. సెలవు చీటీ తెలుగులో తనే రాసుకున్నాడట. పోయినాయన నీకు ఏమవుతాడు, చుట్టం కాకపోతే సెలవెట్లా ఇచ్చేది అని సూపర్‌వైజరు అడిగాడట.

"ఏమైతడని జెప్పాలె సార్?" అన్నాడు యాదగిరి. "సెలవడగనీకి నాకీ నౌకరీ ఉన్నదంటేనే ఆయన వల్ల అని జెప్పిన. సంతకం వెట్టిండు."

పూర్తి రోజు సెలవు ఇచ్చారట. మాస్టారి పాదాలకు నా నమస్కారం.