దిన్నె మీద ఆగిన సైకిలు

మా ఊరి భూములు సోలార్ పార్కుకు గుత్తకు పోయిన తరువాత మా ఆయనకు పొద్దున్నే ఏం చేయాలో తోచకుండా పోయింది. అంతకు ముందు కోడి కూసే వేళకు లేచి, ఎద్దులకు మేత వేసి, శెనక్కాయ చేలో దిగేవాడు. ఎద్దులను అమ్మేశాము. చేను ఉండిన చోట నీలం పలకలు పరుచుకున్నాయి, చుట్టూ కంచె వచ్చింది. ఆయనకు మెలకువ మాత్రం పాత వేళకే వచ్చేది. లేచి ముఖం కడుక్కుని, వీధి చివరిదాకా నడిచి, కాసేపు అక్కడ నిలబడి తిరిగి వచ్చేవాడు. వల్లూరు దగ్గర పలకల కాపలా పని దొరికింది కానీ, అది మధ్యాహ్నం నుంచి. పొద్దున పూటంతా ఆయన అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఉండేవాడు. కాయలు కాచిన ఆ చేతులు నెలనెలకూ మెత్తబడుతుంటే నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

ఒక ఆదివారం ఆయన ఆడవాళ్ళు తొక్కే సైకిలొకటి నడిపించుకుంటూ వచ్చాడు. బదిలీ అయి పోతున్న టీచరమ్మ దగ్గర కొన్నాడట. ఎవరికని అడిగాను.

"నీకే. నేర్చుకో. ఇద్దరం అట్ల తిరిగొద్దాం" అన్నాడు.

యాడికని అడిగితే బెల్లు కొట్టి చూపించాడు. నాకప్పటికి నలభై దాటాయి. కూతురికి పెళ్ళి చేసి పంపించాము. అంగన్‌వాడీలో పిల్లలను చూసుకోవడం, ఇంట్లో అత్తను చూసుకోవడం, ఇంతే నా తిరుగుడు. పని లేకుండా ఊరు దాటడమన్నది మా వైపు ఆడవాళ్ళకు తెలియదు. సంతకో ఆసుపత్రికో చావుకో అయితే తప్ప. అత్త వంటింటి గడపలో నిలబడి సైకిలును కింది నుంచి పైదాకా చూసి, కాలు విరిగితే సంగటి ఎవరు కెలుకుతారని మాత్రం అడిగి లోపలికి పోయింది.

నేర్చుకోవడానికి పార్కు రోడ్డే దిక్కయింది. కట్టేటప్పుడు ఆ రోడ్డు మీద లారీలు మనిషిని నడవనిచ్చేవి కావు. కట్టడం అయిపోయాక అది ఖాళీగా, నున్నగా, రెండు కంచెల మధ్య సాగిపోయి ఉండేది. పొద్దున పూట అక్కడ కౌజు పిట్టల అరుపు, కరెంటు సబ్‌స్టేషన్ లోపలి నుంచి సన్నటి మోత, అంతే. ఆయన క్యారియర్ పట్టుకుని వెనక పరుగెత్తేవాడు. నేను కంచె మీద పడేదాన్ని, లేచేదాన్ని, మళ్ళీ పడేదాన్ని. ఆయనతో పనిచేసే కాపలా మనిషి ఒకాయన గేటు దగ్గర ఉండేవాడు. నేను పడిన ప్రతిసారీ ఆ మహానుభావుడు చూడనట్టు అటు తిరిగి నిలబడేవాడు. ఆయన మర్యాద వల్లనే నేను నేర్చుకున్నాననిపిస్తుంది.

అట్లా మొదలయింది మా తిరుగుడు. ఆదివారమొస్తే అత్తకు కాఫీ పెట్టి, సద్దిమూట కట్టుకుని, ఆయన తన పాత సైకిలు మీద, నేను నా సైకిలు మీద బయలుదేరేవాళ్ళం. ఒకసారి క్యాతగానచెర్లు, ఒకసారి వల్లూరు, ఎక్కువగా వెంకటమ్మనహళ్లి వైపు. ఆయన సైకిలు తొక్కే తీరు చూస్తే నడిచేవాళ్ళే ముందు పోతారనిపించేది. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ కాలు దించేవాడు. గొర్రెలు అడ్డమొస్తే అవన్నీ దాటిపోయేదాకా నిలబడి, కాపరితో వానల గురించి మాట్లాడేవాడు. మా పావగడ పక్క ఊళ్ళు కర్ణాటకలోవి; నేను ఆంధ్రలో మడకశిర వైపు పిల్లను, తెలుగు చదువుకున్నదాన్ని. కన్నడం మాట్లాడతాను గానీ అక్షరాలు సరిగా పట్టుబడలేదు. ఆయన మైలురాళ్ళ దగ్గర ఆగి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి నాకు చదివించేవాడు. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి మేము మాట్లాడుకోని మాటలు ఆ రోడ్ల మీద మాట్లాడుకున్నాము. ఇంట్లో మా మధ్య ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. ఆ రోడ్ల మీద ఏదీ ఉండేది కాదు.

వెంకటమ్మనహళ్లి వైపు ఆయన ఎందుకు ఇష్టపడేవాడో నాకు తెలుసు. ఆ పక్క ఇంకా చేలున్నాయి. పరాయివాళ్ళ శెనక్కాయ చేను కనపడితే ఆయన సైకిలు దిగి గట్టున నిలబడేవాడు. చేను గలాయన ఉంటే అడిగి ఒక చెట్టు పెరికి, మన్ను దులిపి, కాయలను వేళ్ళతో ఒత్తి చూసేవాడు. ఊడలు బాగా దిగినాయని, ఇంకో తడి వాన పడితే చాలునని వాళ్ళకు చెప్పేవాడు. ఆ చెట్టును పారేయకుండా దారి పొడుగునా హ్యాండిల్‌కు వేలాడదీసుకుని వచ్చేవాడు.

మా చేను మీదుగా పోయే రోజుల్లో మాత్రం ఆగేవాడు కాదు. ఒక్కసారే ఆగాడు. కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. గట్లు లేవు, చింతచెట్టు లేదు, బండ కూడా లేదు. ఎదురుగా ఉండే కొండను బట్టి మాత్రమే అది మా చేనని తెలుస్తుంది.

"బాయి యాడుండెనో నాకే తెలీకుండా పోయినాది" అన్నాడు.

నేను వేలు పెట్టి చూపించాను. నాకూ తెలియదు. ఊరికే ఒక చోట చూపించాను. ఆయన తలాడించి సైకిలెక్కాడు.

ఆ రోజు చలికాలపు ఆదివారం. మంచు విడవలేదు. వెంకటమ్మనహళ్లి నుంచి వెనక్కి వస్తున్నాము. మధ్యలో ఒక దిన్నె ఉంది. ఎక్కేటప్పుడు దిగి నెట్టుకుంటూ పోవాలి, ఆ తరువాత అవతలి పక్క చాలా దూరం తొక్కకుండానే జారిపోవచ్చు. దిన్నె ఎక్కేటప్పుడు ఆయన మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడే మనిషి. చలి అనుకున్నాను. పైకి రాగానే ఆయన ఆగాడు.

"నువ్వు పోతా ఉండు. నేను నిదానంగా వస్తా" అన్నాడు.

నేను కాళ్ళు ఎత్తి పెట్టుకుని జారిపోయాను. గాలి చెవుల్లో హోరెత్తింది. చీర కుచ్చిళ్ళు ఎగిరాయి. చిన్నపిల్లలా నవ్వుకున్నాను. కింద కానుగ చెట్టు ఒకటుంది. దాని దగ్గర సైకిలు ఆపి, పక్కనే ఉన్న కంపలో రేగ్గాయలు కోసుకుని, చెట్టు మొదట్లో కూర్చుని తిన్నాను. ఆయనకని కొన్ని కొంగున మూట కట్టాను. ఎవరో దొరికి ఉంటారు, మాటల్లో పడి ఉంటాడు అనుకున్నాను. నా బతుకులో అంత తేలికగా ఎప్పుడూ కూర్చోలేదు. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అది నిజం.

మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన దిన్నె దిగి వచ్చాడు. నన్ను చూసి నిలబడ్డాడు.

"పైన కూకోనుండే ఆయప్ప మీవాడేనామ్మా? పిలిస్తే పలకలే" అన్నాడు.

సైకిలు అక్కడే వదిలి పరుగెత్తాను. ఆయన రోడ్డు పక్కన రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. సైకిలును స్టాండు వేసి నిలబెట్టాడు. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయినాక ఆయనను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పలకలకు నీళ్ళు కొట్టే ట్యాంకరొకటి అటు వస్తే ముసలాయన అడ్డంగా నిలబడి ఆపాడు. డ్రైవర్ పక్క సీట్లో ఆయన తల ఒడిలో పెట్టుకుని నేను పావగడ పోయాను. ఆసుపత్రిలో డాక్టర్ కన్నడంలో నిదానంగా చెప్పాడు. రోజూ మాట్లాడే కన్నడమే. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. నర్సమ్మ నా భుజం పట్టుకుని తెలుగులో చెప్పింది.

సాయంత్రం స్నానానికి పోతూ కొంగు ముడి విప్పితే రేగ్గాయలు నేల మీద దొర్లాయి.

ఇంటి నిండా చుట్టాలు చేరారు. వయసు మీద పడిన మనిషికి సైకిలెందుకని ఒకరు, ఆడదాన్ని వెంటేసుకుని దేశాలు తిరిగితే ఇంతేనని ఒకరు అన్నారు. నేను విన్నాను. కూతురు వచ్చి కర్మాంతరాల దాకా ఉండి, తన దగ్గరికి రమ్మని ఏడ్చి, పోయింది. నా సైకిలును, దిన్నె మీద ఉండిపోయిన ఆయన సైకిలును గేటు దగ్గరి కాపలా ఆయన ఇంకో మనిషిని తోడు తెచ్చుకుని ఇంటికి చేర్చాడు. అత్త నన్ను అనలేదు, చుట్టాలను అనలేదు. అన్ని దినాలూ గోడకు ముఖం పెట్టి పడుకునేది. నేను సంగటి పెడితే రెండు ముద్దలు తినేది.

ఒక ఉదయం నేను నీళ్ళు తోడుతుంటే వచ్చి నా వెనక నిలబడింది.

"నన్ను ఆడికి తీస్కపో" అంది.

ఆటో పిలుస్తానన్నాను.

"వాడు ఆటోలో పోలేదు కదమ్మే."

ఆమెను క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ఆమె నా నడుం పట్టుకుంది. బరువే లేదు. దారిలో ఎవరూ ఎదురు రాలేదు. దిన్నె మొదట్లో దిగి, ఒక చేత్తో సైకిలును, ఒక చేత్తో ఆమెను పట్టుకుని పైకి నడిపించాను. ఊపిరి ఆడక నాలుగైదు చోట్ల ఆగింది. పైకి పోయాక రాయి చూపించాను.

"ఏ పక్కకి తిరిగి కూకోనుండె?"

చూపించాను. ఆమె మెల్లగా వంగి, కొడుకు కూర్చున్నట్టే ఆ రాయికి ఆనుకుని కూర్చుంది. రాయిని అరచేత్తో నిమిరింది. చాలాసేపు కిందికి చూసింది.

"నువ్వు యాడుంటివి?"

"కింద కానుగ చెట్టు కాడ, అత్తా."

"ఈడికి కనపడతాది చెట్టు" అంది.

నేను ఆమె పక్కన కూర్చుని చూశాను. నిజంగానే కనపడుతుంది. చెట్టు, దాని మొదలు, పక్కన రేగు కంప, అన్నీ. ఆ రోజు మంచు ఎంత విడిచిందో నాకు గుర్తు లేదు. అప్పుడు నేను చెట్టు కింద ఈ దిన్నె వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

"ముందే తెలిసిండాల వానికి. అందుకే నిన్ను పంపించినాడు" అంది అత్త. అప్పుడు ఏడ్చింది, కొడుకు చనిపోయిన రోజు కూడా ఏడవని మనిషి. నాకు ఆ మాట ఓదార్పు కాలేదు. తెలిసి ఉంటే నన్ను ఉండమనాలి కదా. చెయ్యి పట్టుకునేదాన్ని. నీళ్ళు తాపేదాన్ని. ఏమీ చేయలేకపోయినా పక్కన ఉండేదాన్ని. ఆయన నన్ను జారిపోనిచ్చి ఒక్కడే కూర్చున్నాడు. ఈ రోజుకూ నేను ఆయనను క్షమించలేదు. ఆ మాట అత్తకు చెప్పలేదు.

ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాము. దిగేటప్పుడు ఆమెను మళ్ళీ క్యారియర్ ఎక్కించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె కూడా ఎక్కుతాననలేదు. బ్రేకు పట్టుకుని నేను, నా మోచెయ్యి పట్టుకుని ఆమె, ఆ దిన్నెంతా నడిచే దిగాము.