సాగనంపినా పోని తల్లి

ఇంట్లో ఇప్పుడు ఎటు తిరిగినా స్పిరిట్ వాసనే. గడప దగ్గర ఒక సీసా, వంటింటి గట్టు మీద ఒక సీసా, నా తలగడ పక్కన ఇంకొకటి. ఎవరొచ్చినా ముందు అది చేతులకు రుద్దుకోవాలి, ఆ తర్వాతే నాతో మాట. నా కోడలు చంటిపిల్లకు నలుగు పెట్టినంత శ్రద్ధగా తలుపు గడియలను కూడా దానితో తుడుస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు మండిపోతుంది. కోపం స్పిరిట్ మీద కాదు, కోడలి మీద అసలే కాదు, నా ఒంటి మీద. డెబ్బై ఏళ్లు మోసిన ఒళ్లు, తినబెట్టి, నూనె రాసి, ఎండకు వానకు ఓర్చుకోమని బుజ్జగించిన ఒళ్లు, ముసలితనంలో నన్ను నట్టేట ముంచింది.

నా జబ్బు పేరు మల్టిపుల్ మైలోమా. ఎముకల లోపల మూలుగలో పుట్టే క్యాన్సర్. బయటి నుంచి వచ్చే క్రిములతో పోట్లాడడానికి కావలసిన సరంజామా తయారు చేసే కణాలే చెడిపోయి, పనికిరాని సరుకును గుట్టలు పోస్తున్నాయని డాక్టరమ్మ చెప్పింది. కంచే చేను మేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. వీధిలో ఎవరు తుమ్మినా జ్వరం నాకే. ఈ జబ్బువాళ్లు చాలామంది క్యాన్సర్‌తో కాదు, దాని వెనకాలే దూరే దగ్గులతోనూ జ్వరాలతోనూ పోతారని విన్నప్పుడు నాకు భయం కంటే ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే మా చిన్నప్పుడు మేము తిన్న మట్టికి, తాగిన నీళ్లకు, అసలు ఇంతవరకు బతికి ఉండడమే వింత.

మా ఊరు ఖానాపూర్ దాటాక, అడవి మొదలయ్యేచోట, వాగు ఒడ్డున ఉండేది. హైదరాబాదు సంస్థానం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. బడిలో తెలుగు వచ్చినా మా బాపు సంతకం మాత్రం ఉర్దూలోనే పెట్టేవాడు. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీళ్లను దోసిళ్లతో తాగి, అదే చెలిమెలో మా తర్వాత మేకలు మూతి పెడుతుంటే చూసి నవ్వుకునేవాళ్లం. అడవిలో రాలిన తునికిపండ్లు, ముళ్లకంపల్లోని రేగుపండ్లు, పొద్దున్నే చెట్ల కింద తేనెవాసన కొడుతూ పరుచుకున్న ఇప్పపూలు, అన్నీ లంగా అంచుకు ఒకసారి తుడుచుకుని నోట్లో వేసుకునేవే. వానలు పడితే కొట్టంలో మోకాలిలోతు బురద, ఆ బురదలోనే మా కుంటాట. కాలు తెగితే నల్లాలం ఆకు నలిపి పిండడం, దాని మీద గుడ్డ పీలిక, మళ్లీ బురద. దిగుడుబావి నీళ్లు తాగి కాలిలో నారు పడ్డవాళ్లు అరుగు మీద కూర్చుని, పుండులోంచి తెల్లగా బయటికొచ్చే పురుగును పుల్లకు చుట్టుకుంటూ, మధ్యలో మమ్మల్ని పిలిచి పొడుపుకథలు వేసేవాళ్లు. బతుకమ్మ పండక్కి రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు అందరి చేతులూ మారి చివరికి మా చేతికి వచ్చేవి. ఎవరికీ ఏమీ కాలేదని అనను, పోయినవాళ్లు పోయారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. జ్వరం వస్తే మూడో నాటికి లేచి కుంటాటకు ఉరికేదాన్ని. ఒళ్లు నా పక్షాన ఉందని అప్పుడు నేను ఆలోచించను కూడా లేదు. మన ఇంటి మనిషి మన పక్షాన ఉంటుందా లేదా అని ఎవరు ఆలోచిస్తారు?

ఒక ఎండాకాలం నాకు ఆటలమ్మ పోసింది. వీపు మీద నీటిపొక్కు చూడగానే నన్ను కన్న అవ్వ చేతిలోని చెంబు కింద పెట్టేసి నాయినమ్మను పిలిచింది. మా ఇంట్లో ఇలాంటి వాటికి నాయినమ్మదే పెత్తనం. వచ్చింది రోగం కాదు, చుట్టం. ఆమె ఉన్నన్నాళ్లు గట్టిగా మాట్లాడకూడదు, తాలింపు పెట్టకూడదు, ఎవరినీ తిట్టకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. నాకు వేపాకు పరుపు, ఒంటికి పసుపూ వేపాకూ నూరిన ముద్ద, తినడానికి చల్లటి జొన్న గటక, పెరుగన్నం, నానబెట్టిన పెసరపప్పు. దురద పుడితే గోకొద్దని చేతికి వేపరెమ్మ ఇచ్చారు, దానితో నిమురుకోవాలి. ఆ చేదువాసన, పసుపు చల్లదనం, మధ్యాహ్నం ఎండకు పెంకుల్లోంచి సన్నగా దిగే వెలుగు, నా పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ నిద్రలోకి జోగుతున్న నాయినమ్మ. నిజం చెప్తున్నాను, ఆ రోజులంత సుఖం నాకు మళ్లీ దొరకలేదు.

మా ఇంటి ఆచారం ఇంకొకటి ఉండేది. ఒక పిల్లకు ఆటలమ్మ పోస్తే మిగతా పిల్లలను దూరం పెట్టరు; తెచ్చి పక్కనే పడుకోబెడతారు. నా తమ్ముడు మల్లేశం అప్పటికి ఇంకా బడికి పోవడం లేదు. ఒక్కగానొక్క కొడుకు. అవ్వకు భయం, వాడిని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపుదామని బాపు చెవిలో పోరింది. నాయినమ్మ ఒప్పుకోలేదు.

"ఇద్దర్ని ఒక్కతాన్నే పండవెట్టు. ఒక్కపారే వస్తే ఒక్కపారే పోతది. తల్లి వచ్చిన ఇంట్ల ఒక పిల్లను దాస్తే ఆమెకు కోపమొస్తది" అంది.

వాడు ఏడుస్తాడనుకున్నాను. దుప్పటి చంకన పెట్టుకుని గంతులేస్తూ వచ్చాడు. పని చెప్పేవాళ్లు లేరు, పెరుగన్నం కావలసినంత, అక్క పక్కన జాగా. వాడికి ఇంకేం కావాలి? నేల మీద బొగ్గుతో గడులు గీసి చింతగింజలతో అష్టాచెమ్మ ఆడుకున్నాం. కొన్నాళ్లకు వాడికీ పొక్కులు లేచాయి. నావి ఎండిపోతుంటే వాడివి నిండుతున్నాయి. అప్పుడు వాడి చేతిలో వేపరెమ్మ నేను పెట్టాను, వాడి వీపు నేను నిమిరాను. ఎవరికీ చేతులు కడుక్కోవాలన్న ఆలోచనే లేదు.

ఇద్దరికీ తలంటు అయ్యాక తల్లిని సాగనంపారు. చాటలో పసుపు, కుంకుమ, పెరుగన్నం, వేపమండ, వాటితో పాటు పిల్లకు ఇష్టమైన వస్తువొకటి పెట్టాలి. అది లేకపోతే తల్లి కదలదని నాయినమ్మ అన్నది. నాకున్నది నిర్మల్ నుంచి బాపు తెచ్చిన కొయ్యచిలుక. ఆకుపచ్చ రంగు, ఎర్ర ముక్కు, మెడకు బంగారు గీత. ఇవ్వనని కాళ్లు నేలకేసి కొట్టుకున్నాను. చివరికి నా చేతులతోనే చాటలో పెట్టాను. ఊరి పొలిమేర దగ్గర చాట దించి, వెనక్కి చూడకుండా నడవమన్నారు. దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. నాయినమ్మ నా తల మీద చెయ్యి వేసి, నడుస్తూనే చెప్పింది.

"పోయింది బిడ్డా. మల్ల రాదు. నీతోని ఆమె పని అయిపోయింది."

ఆ మాటను అరవై ఏళ్లు నమ్మాను. పెళ్లయి కరీంనగర్ వచ్చాను, పిల్లలను కన్నాను, వాళ్లకు ఆటలమ్మ పోసినప్పుడు ధీమాగా పక్కన పడుకున్నాను. నిరుడు మైలోమాకు ఇంజెక్షన్లు మొదలైన కొన్నాళ్లకు నడుము చుట్టూ ఒక పక్కన నిప్పులు పోసినట్టు మంట, దాని మీద పొక్కుల వరుస. సర్పి అన్నారు. కొత్తగా ఎక్కడి నుంచి అంటుకుందని అడిగాను. డాక్టరమ్మ నా వైపు జాలిగా చూసి, అంటుకోలేదని చెప్పింది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమే నరాల మొదట్లో దాక్కుని ఇన్నేళ్లూ నిద్రపోయిందట, కాపలా సడలగానే లేచిందట. అంటే ఆమె పోనే లేదు. పొలిమేర దాకా మాతో నడిచి వచ్చి, చిలుకను తీసుకుని, మళ్లీ నా వెన్నెముకలోనే ఇంటికి తిరిగొచ్చింది. నవ్వితే నవ్వండి, నేను ఆ రోజు ఆ చిలుక కోసం ఏడ్చాను. ఇంత మోసమా తల్లీ అని గోడ వైపు తిరిగి ఏడ్చాను.

అయినా దేవతను క్షమించవచ్చు. మల్లేశం చేసింది మాత్రం నాకు ఇంకా మింగుడు పడడం లేదు.

సర్పి తగ్గాక వాడు ఖానాపూర్ నుంచి నన్ను చూడడానికి వచ్చాడు. జలుబూ దగ్గూ ఉన్నవాళ్లెవరూ రావద్దని నా కొడుకు చుట్టాలందరికీ ఫోన్‌లో చెప్పాడు, వాడికీ చెప్పాడు. గుమ్మంలో మళ్లీ అడిగితే ఏమీ లేదన్నాడు. నా మంచం పక్కన కూర్చుని, నా చేయి పట్టుకుని, నా కంచంలోంచి ముద్ద తీసుకుని తిన్నాడు. సాయంత్రానికి గొంతులో ఆపుకున్న దగ్గు ఒక్కసారిగా బయటపడింది. నేను చేయి లాక్కున్నాను. దగ్గుందని ఎందుకు చెప్పలేదురా అంటే వాడి ముఖంలో తప్పు చేశానన్న జాడే లేదు.

"చెప్తే రానియ్యరు గదా. గప్పుడు నీ పక్కలనే పండుకుంటిని గదనే అక్కా, ఏమైంది? బతుకలేదా ఇద్దరం?"

నాలుగో రోజుకు నా ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆక్సిజన్ పెట్టారు, సూదులు పొడిచారు, క్యాన్సర్ మందు ఆపేశారు. ఆ ఆసుపత్రి మంచం మీద ఊపిరి కోసం కొట్టుకుంటూ నేను తిట్టుకున్నది క్యాన్సర్‌ను కాదు, వాడిని. వాడు ప్రేమతోనే వచ్చాడని తెలుసు. తెలిసి తిట్టుకున్నాను. ప్రేమ ఉన్నవాడు అబద్ధం ఆడితే అది ఇంకా లోతుకు దిగుతుంది.

బతికి ఇంటికి వచ్చాను. మందు మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు పచ్చి ఆకులు, పూలు నా గదిలోకి రావు, కాబట్టి వేపరెమ్మ కూడా రాదు. పెరుగు తోడుపెట్టిన కుండ వాసన లేదు. చెలిమెలు లేవు, నారు తీసుకునే అరుగులు లేవు. నారు పోయినందుకు సంతోషమే. జబ్బు చేసిన మనిషి దగ్గరికి జనం జరిగే కాలం పోయింది, దూరం జరిగితేనే ప్రేమ అన్న కాలం వచ్చింది. అది మంచికేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవాలనిపించదు.

మొన్న మల్లేశం మళ్లీ వచ్చాడు. ఆసుపత్రి సంగతి విన్నాక సగమైపోయాడు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, చేతులకు స్పిరిట్ రుద్దుకుని, మూసిన తలుపు అవతల నిలబడ్డాడు. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

"దగ్గు లేదే అక్కా. జరమొస్తలేదు. నీ మీద ఒట్టు" అన్నాడు.

పసితనంలో వాడు అష్టాచెమ్మలో గింజ దాచినా, నా మీద ఒట్టు పెడితే మాత్రం అబద్ధం ఆడేవాడు కాదు. అది మా ఇద్దరికీ తెలుసు. నేను లేచి తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చేయి వేసి, చెవి తలుపుకు ఆనించి, వాడి ఊపిరిలో గరగర ఉందా అని విన్నాను. ఏమీ వినిపించలేదు. అయినా గడియ తీయలేదు.

"నమ్ముతలేవా?" అన్నాడు వాడు.

లేదురా అన్నాను.

తర్వాత మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. దారిలో ఎక్కడా దగ్గలేదు.