రెండో కన్ను పెట్టేటప్పుడు

మాఘం వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఉడికిన పసుపు వాసన గొంతులో దిగి కూర్చుంటుంది. నిన్న ఏర్గట్ల దగ్గర ఒక కల్లంలో డ్రోన్ లేపితే, రెక్కల గాలికి పసుపు దుమ్ము లేచి కెమెరా మీద పడింది. తుడుస్తుంటే గంగాధర్ సార్ గుర్తొచ్చారు. ఇప్పుడు నేను పెళ్లిళ్లకూ, ప్లాట్లకూ, పంటలకూ పైనుంచి ఫోటోలు తీసి సొంతంగా బతుకుతున్నాను. కానీ ముఖం చూడడం నేర్చుకున్నది మార్కెట్ యార్డు రోడ్డులోని ఆయన పాత ఫోటో స్టూడియోలో పనికి కుదిరినప్పుడే.

ఆయనకు పేరు తెచ్చిన పని ఒకటుంది. చనిపోయినవాళ్ల కళ్లు తెరవడం. బీడీలు చుట్టుకుంటూ బతికిన ముసలమ్మలకు మంచి ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. పోయాక తీసిన ఫోటోనే పటం కట్టించాలి. స్టూడియోకు కంప్యూటర్ వచ్చినా, ఆ మూసిన రెప్పల మీద కళ్లు మాత్రం సార్ సన్న కుంచెతోనే పెట్టేవారు. ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి ఒకే మాట అడిగేవారు: "మిమ్మల్ని ఎట్ల చూసేది?" వాళ్లు ఏడిస్తే ఆగేవారు. తొందరపెట్టగా నేనెన్నడూ చూడలేదు.

దానికి ఒక నియమం కూడా ఉండేది. "రెండో కన్ను పెట్టేటప్పుడు ఎదురుంగ ఉండకు బిడ్డా. మొదటి చూపు ఇంటోళ్లది" అనేవారు. తనూ పక్కకు తిరిగి కూర్చుని కంటిపాప చుక్క పెట్టి, వెంటనే ఫోటో బోర్లించేవారు. నాకు నవ్వొచ్చేది. ఒక మధ్యాహ్నం కమ్మర్‌పల్లి ముసలమ్మ ఫోటో పని నడుస్తుంటే, పంతానికి పోయి ఎదురుగానే నిలబడ్డాను. చుక్క పడింది. ఆమె నన్ను చూసింది. తలుపు దగ్గరికి జరిగాను, అక్కడికీ చూసింది. తెర వెనక్కి పోయినా వీపు మీద ఆ చూపు తెలుస్తూనే ఉంది.

"చూసినవా?" అన్నారు సార్.

"లేదు సార్."

"ఆమె చూసింది గద."

మర్నాడు ఆమె కూతురు వచ్చి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "మా అమ్మనే సార్. గాని నన్ను చూస్తలేదు" అంది. నేను సిగ్గుతో తలెత్తలేకపోయాను. సార్ ఆమెకు క్షమాపణ చెప్పి మరో ప్రింటు తీసి మళ్లీ కళ్లు పెట్టారు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు.

తర్వాత నేను డ్రోన్ కొన్నాను. మొదటి షూటింగ్ చూస్తానని సార్ నందిపేట్ దగ్గరి కల్లానికి వచ్చారు. పైకి చూడొద్దని అందరికీ చెప్పాను. పసుపు కొమ్ముల మధ్య ఆయనొక్కరే ముఖం పైకెత్తి, డ్రోన్ తిరిగిన నాలుగు చుట్లూ కదలకుండా నిలబడ్డారు.

"సార్, షాట్ మొత్తం ఖరాబైంది. పైకి చూడొద్దన్న గద!"

"చూస్తలేను బిడ్డా. దాని చప్పుడు ఇంటున్న" అన్నారు.

మొన్నటి వానాకాలంలో సార్ పోయారు. తనను ఎవరైనా ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టే మనిషి. పటానికి పనికొచ్చే ఫోటో ఇంట్లో లేదు. ఏమైనా ఉందా అని ఆయన భార్య సత్తెమ్మగారు అడిగితే, ఆ వీడియో తీసి ముఖం పెద్దది చేశాను. కళ్లు మూసి ఉన్నాయి. నాలుగు చుట్లూ ఆపి ఆపి చూశాను. అన్నింటిలోనూ మూసే ఉన్నాయి. ఆ వీడియో తీసేనాటికి ఆయన బతికే ఉన్నారు, నాతో మాట్లాడుతూనే ఉన్నారు. ఫోటోలో మాత్రం కళ్లు పెట్టడానికి ఆయన బల్ల మీదకు వచ్చే పోయినవాళ్ల ముఖమే.

ఆయన కుంచెనే తీసుకుని సత్తెమ్మగారింటికి వెళ్లాను. మొదటి చూపు ఆమెది కావాలని ప్రింటు ఆమె ఎదుటే పెట్టి, నేను పక్కకు తిరిగి కూర్చున్నాను.

"అమ్మా, సార్ మిమ్మల్ని ఎట్ల చూసేటోరు?"

ఆమె ప్రింటును దగ్గరికి జరుపుకుంది.

"చాయ్ ఇచ్చేటప్పుడు గూడ నా ముఖంల కండ్లు కొలుస్తున్నట్టే చూసేటోడు. గా చూపుకు నేనెన్నడు తల ఎత్తలే. పండుకున్నంకనే మంచిగ చూసుకునేదాన్ని" అంది. తర్వాత నా చేతిలోంచి కుంచె తీసి పక్కన పెట్టింది. "మూసే ఉండనియ్యి బిడ్డా. ఇగ నేను చూస్త."

ఆ పటం అట్లాగే గోడకు ఉంది. చుట్టాలు అపశకునమన్నా ఆమె తీయలేదు. ఎట్లా చూసేవారని ఊరందరినీ అడిగిన మనిషి, తెరవాలా వద్దా అని మాత్రం ఎవరినీ అడగలేదు. నా దగ్గరికి ఇప్పటికీ అలాంటి ఫోటోలు వస్తుంటాయి. నేను ముందు తెరవాలా వద్దా అనే అడుగుతాను. చాలామంది వెంటనే తెరవమంటారు. కొందరు మాత్రం ఫోటోను దగ్గరికి తీసుకుని ఆ మూసిన కళ్ల వైపే చూస్తూ ఉండిపోతారు.