మరియమ్మ గారి మట్టి ఎక్కడికి పోయింది?

ఈ రోజు మా డిగ్రీ పిల్లలను మైలవరం దగ్గర ఒక వాగుకు తీసుకెళ్లాను. వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. అయినా జియాలజీ చెప్పడానికి ఒక మంచి వంపు దొరికితే నాకు పూనకం వస్తుంది. "వంపు బయటి ఒడ్డును వాగు కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది" అని గట్టెక్కి అరిచి మరీ చెప్పాను.

ఆ గట్టు మరియమ్మ గారి చేనుది. మిరపకాయలు కోస్తున్న ఆవిడ పని ఆపి వచ్చారు.

"అయితే మాస్టారూ, ఏటా తెగిపోతున్న నా చేను ఆ మేటలోకే చేరుతోందన్నమాట!"

నేను నోరు తెరిచేలోపే, అవతలి మేట మీద పుచ్చపాదులకు నీళ్లు పోస్తున్న మస్తాన్‌ను కేకేశారు.

"ఒరేయ్ మస్తానూ, నువ్వు పండిస్తోంది నా మట్టిలోనంట! కాలేజీ సారు చెప్పారు!"

మస్తాన్ పకపకా నవ్వి, చంకకో పుచ్చకాయ పెట్టుకుని వాగు దాటి వచ్చాడు.

"ఇదిగో అక్కా, తీసుకో నీ మట్టి!"

ఆవిడ అక్కడే కోసి మా అందరికీ పంచారు.

అసలు సంగతేమిటంటే, కోసుకుపోయిన మట్టి చాలావరకు ఎదురొడ్డుకు చేరదు, దిగువన ఇంకో వంపు దాకా కొట్టుకుపోతుంది. ఆ మాట చెబుదామనుకునేసరికి నా చేతిలో రెండో ముక్క ఉంది. అందుకే గవర్నర్‌పేట నెట్ సెంటర్‌లో కూర్చుని మీకు చెబుతున్నాను. పిల్లలకు సోమవారం చెబుతాను. మరియమ్మ గారికి మాత్రం పుచ్చకాయల కాలం అయ్యాక చెబుతాను.

మీరైతే ఏం చేసేవారు?